ఎండిపోని కలాలు

కలాల పెట్టె వచ్చిన రోజున బంగారమ్మ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. వీధివైపు పెద్దగదిని అద్దెకు తీసుకున్న గ్రామమార్గాల శాఖవారి పటాల కార్యాలయంలో శాఖాధికారి నీలాద్రిరావుగారు, ఆయనకెదురుగా పటాలు గీసే తవిటినాయుడు, గుమ్మం పక్క బల్ల మీద అటెండరు యర్రయ్య. పెరటివైపు వంటింట్లో ఇంటి యజమానురాలు బంగారమ్మ, పొయ్యి మీద ఉలవలు, ఉలవలతో తనకేమీ సంబంధం లేదన్నట్టు కూర్చున్న పిల్లి. ఈ రెండు ప్రపంచాలకీ నడుమనున్న చిన్నగదిలో బంగారమ్మ మేనకోడలు వరాలు.

వరాలు గెడ్డవలస బడిలో పదో తరగతి దాకా చదివి, ఇంటరు కోసం అత్త ఇంట్లో దిగింది. సిగ్గరి పిల్ల. కాలేజీలో హాజరు పిలిస్తే ఆ పిల్ల నోట్లోంచి మాట బయలుదేరి పెదవుల దాకా వచ్చేసరికి మాస్టారు తర్వాతి పేరుకి వెళ్ళిపోయేవారు. పక్కపిల్ల జాలిపడి ఈ పిల్లకు కూడా కలిపి పలికేది.

ఆ చిన్నగది వరాలుకి వానలు పడేదాకానే. బంగారమ్మ కూతురు జ్యేష్ఠంలో పురిటికి వస్తుంది. గది దానికి కావాలి. అప్పటినుంచి వరాలు గెడ్డవలసలోనే ఉండి రోజూ కాలేజీకి వచ్చిపోవాలి. ఊరికీ కాలేజీకీ మధ్య గెడ్డ ఉంది. ఎండాకాలంలో దాన్ని మేకపిల్ల కూడా దాటుతుంది. వానలొస్తే మాత్రం మొలలోతు నీళ్ళు, కింద జారుడు రాళ్ళు. వయసొచ్చిన పిల్లను ఎవరూ రోజూ అందులోకి దించరు. మొదటివానతోనే చదువు ఆగిపోతుందని వరాలు నాన్న ముందే చెప్పేశాడు. కోపంగా కాదు, రేపు సంత ఉందని చెప్పినట్టుగా.

అయితే గెడ్డ మీద వంతెన మంజూరయింది. దాని పటం పక్కగదిలో తవిటినాయుడి బల్ల మీదే ఉంది. పెన్సిలుతో గీయడం పూర్తయింది. దాని పైన పలచని ట్రేసింగు కాగితం పరిచి, సిరాతో దిద్ది, పై అధికారి సంతకం పెట్టిస్తే పని మొదలవుతుంది. మార్చి నెలాఖరులోగా అలా జరక్కపోతే నిధులు మురిగిపోతాయి. చిన్నగది కిటికీలోంచి చూస్తే వరాలుకి ఆ పటం మూల ఒకటి కనబడేది. తన చదువు ఆ పెన్సిలు గీతల దగ్గర ఆగి ఉందని ఆ పిల్లకు తెలుసు. సిరా ఎక్కితే వంతెన ఉంటుంది. వంతెన ఉంటే చదువుంటుంది.

సిరా ఎందుకు ఎక్కలేదంటే, కలాలు లేక. పాత కలాలు, అదే, సిరాలో ముంచి గీసే పట్టకారుల్లాంటివి, పాతబడ్డాయని వేలం వేసేశారు. కొత్తవి వస్తున్నాయి గదా అని ముందే వేసేశారు. ఆ కొత్తవి ఇప్పుడు వచ్చాయి.

యర్రయ్య పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల మఖమలు పరుపు మీద కలాలు వరసగా పడుకుని ఉన్నాయి. వెంట్రుక లాంటి గీత గీసే కలం నుంచి అగ్గిపుల్ల మందాన గీసే కలం దాకా, ఒక్కో మందానికి ఒక్కో కలం. ఒక్కో దానికి పాళీ బదులు సన్నని గొట్టం, ఆ గొట్టంలో ఇంకా సన్నని తీగ. కలాన్ని అటూ ఇటూ ఊపితే లోపలి తీగ టిక్కు టిక్కుమంటుంది. అలా అంటే సిరా పారుతున్నట్టు. అనకపోతే ఎండి బిగుసుకున్నట్టు. ఎండిందంటే ఇక దాన్ని బాగుచెయ్యడం మహా కష్టం. ఎవరో గుండుసూదితో పొడుస్తారు, తీగ వంగుతుంది, కథ ముగుస్తుంది.

పెట్టెతోపాటు ఒక చిన్న పుస్తకం కూడా వచ్చింది. అందులో ఉన్నవి నాలుగు ముక్కలే. కలాన్ని రోజూ వాడండి, వాడితే ఎండదు. వాడకపోతే గోరువెచ్చని నీళ్ళతో కడగండి. మూతపెట్టి, మొన పైకి ఉండేలా నిలబెట్టండి. తీగను బయటికి లాగకండి.

నీలాద్రిరావుగారు ఆ నాలుగు ముక్కలనూ నిలబడి చదివారు. ఆయనకొక భయం ఉంది. అంతకుముందు ఇంకో ఊళ్ళో ఇంకో అధికారి చేతిలో ఇలాంటి పెట్టె మొత్తం ఎండిపోయింది. ఆయన్ని బస్సు వెళ్ళని ఊరికి బదిలీ చేశారు. అక్కణ్ణుంచి ఆయన రాసిన ఉత్తరాలు కూడా ఆలస్యంగానే వస్తున్నాయట.

"కలము అనునది ప్రభుత్వ ఆస్తి," అన్నారు నీలాద్రిరావుగారు. "గీత అనునది దాని తరుగుదల. అయినను గీయకున్న కలము ఎండును. కావున ప్రతి కలమూ ప్రతిదినమూ జానెడు గీత గీయవలెను. జానెడుకు మించినది దుర్వినియోగం. జానెడుకు తగ్గినది నిర్లక్ష్యం."

"మరి వంతెనండీ?" అన్నాడు తవిటినాయుడు.

"ప్రస్తుతం మనం సంరక్షణ దశలో ఉన్నాం. వినియోగ దశ తరవాత పరిశీలించబడును."

కిటికీ అవతల వరాలు వానలకింకా ఎన్ని నెలలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

మర్నాటి నుంచి కార్యాలయం చురుకుగా మారింది. అంతవరకూ మధ్యాహ్నానికి గాని తెరుచుకోని కళ్ళు పొద్దున్నే తెరుచుకున్నాయి. యర్రయ్య బంగారమ్మ పొయ్యి మీద నీళ్ళు కాచుకునిపోయేవాడు. తవిటినాయుడు తెల్లకాగితం పరిచి ఒక్కో కలంతో జానెడు గీత గీసేవాడు. నీలాద్రిరావుగారు స్కేలుతో కొలిచి పక్కన పొట్టిసంతకం పెట్టేవారు. తరవాత కలాలను కడగడం, తుడవడం, మొన పైకి పెట్టి నిలబెట్టడం. అప్పటికి భోజనాల వేళయ్యేది. భోజనం చేసి వచ్చాక మళ్ళీ సిరా నింపడం. అది అయ్యేసరికి సాయంత్రం.

గాలికి మొన ఎండుతుందని ఫ్యాను ఆపేశారు. ఉద్యోగుల ఒళ్ళంతా చెమట పట్టేది గాని కలాలు చల్లగా ఉండేవి. ఆ తరవాత శబ్దపరీక్ష అని ఒకటి పెట్టారు. నీలాద్రిరావుగారు కళ్ళు మూసుకుని ఒక్కో కలాన్నీ చెవి దగ్గర ఊపి టిక్కు టిక్కు వినేవారు. ఆ సమయంలో ఇంట్లో చప్పుడు కాకూడదు. బంగారమ్మ పిండి రుబ్బుకోకూడదని యర్రయ్యతో కబురు పంపారు.

బంగారమ్మ పొత్రం చేత్తో పట్టుకునే వీధిగదికి వచ్చింది. "ఏటి బాబూ, ఆ కలాలకేటి జరమా? నాడి సూస్తన్నారా?" అని అడిగింది. "మా ఆయన పోయేముందు కూడా డాక్టరు ఇంతసేపు సెవి పెట్టి ఇన్లేదు."

నీలాద్రిరావుగారు కళ్ళు తెరవకుండానే, అద్దె ఒప్పందంలో ప్రశాంతత అనే మాట ఉందని గుర్తుచేశారు. బంగారమ్మ ఆ పూట రుబ్బడం మానేసి, రోలుకి వినబడేంత నెమ్మదిగా తిట్టుకుంది.

ఆదివారం వచ్చింది. ఆదివారం ఎవరూ గీయకపోతే సోమవారానికి కలాలు ఎండవా అన్న సందేహం కూడా వచ్చింది. ఆదివారం కూడా పని పెట్టారు. ఇంత పనికి ఇద్దరు చాలరని పైకి రాశారు. పైవాళ్ళకు ఈ శ్రద్ధ ముచ్చటేసింది. జిల్లా మొత్తంలో కలాలు ఎండని కార్యాలయం ఇదొక్కటేనని తేలింది. మిగతా కార్యాలయాల్లో కలాలతో పటాలు గీస్తున్నారు, కాబట్టి అవి తరచూ కింద పడుతున్నాయి, వంగుతున్నాయి, ఎండుతున్నాయి. అందుకని పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. జిల్లాలోని కలాలన్నిటినీ సంరక్షణ నిమిత్తం బంగారమ్మ ఇంటికి పంపాలని.

పెట్టెలు పెట్టెలుగా కలాలు దిగాయి. యర్రయ్య వాటిని బస్సు దగ్గర్నుంచి పెళ్ళివారి సామాను మోసినట్టు మోశాడు. దాంతో జిల్లాలో ఒక్క పటమూ గీయడానికి వీల్లేకుండా పోయింది. రోడ్లు ఆగాయి, కాలవలు ఆగాయి, ఒక ఊళ్ళో సగం కట్టిన బడి గోడలు పటం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాయి. కలాలు మాత్రం ఆరోగ్యంగా ఉన్నాయి.

మార్చి వచ్చింది. వరాలు ధైర్యం కూడగట్టుకుంది. ఆ కూడగట్టడం సోమవారం మొదలైతే శుక్రవారానికి పూర్తయింది. వీధిగది గుమ్మంలో నిలబడి, గోడను గోటితో గీరుతూ, గెడ్డవలస వంతెన సంగతి అడిగింది. గొంతు ఎంత చిన్నదంటే, నీలాద్రిరావుగారు అది కలం టిక్కుమనడం అనుకుని చేతిలోది మళ్ళీ ఊపి చూశారు.

తవిటినాయుడు వరాలు మాటను పెద్దగొంతుతో తిరిగి చెప్పాడు.

నీలాద్రిరావుగారు ఓపిగ్గా వివరించారు. వంతెన పటానికి సన్న కలాలు ఎక్కువ, లావు కలాలు తక్కువ కావాలి. అలా గీస్తే కొన్ని కలాలకు వ్యాయామం ఎక్కువై, కొన్నిటికి చాలదు. ప్రభుత్వం కలాల మధ్య తేడా చూపించరాదు. పైగా జిల్లా కలాలన్నిటికీ గీతలు గీయడానికే చేతులు చాలడం లేదు. ఇలా అంటూ ఆయన వరాలు చేతివేళ్ళ వంక చూశారు. సన్నని, వణకని వేళ్ళు. ముగ్గుల వేళ్ళు.

"అమ్మాయీ, గీత తిన్నగా గీయగలవా?"

ఆ మర్నాటినుంచి వరాలు కాలేజీ వదిలాక వీధిగదిలో కూర్చుని గీతలు గీసింది. కలాన్ని కాగితం మీద నిట్టనిలువునా పట్టుకోవాలని, నొక్కకూడదని, వాలిస్తే గీత పక్కకి చీలుతుందని తవిటినాయుడు చూపించాడు. ఆ పిల్ల చేతిలో కలం చప్పుడు లేకుండా పోయేది. గీత చివర సిరా ముద్ద నిలిచేది కాదు. నీలాద్రిరావుగారు కొలిచి తల ఊపేవారు. ఆయన ఏనాడూ గీతల్ని చూడలేదు, పొడుగునే చూశారు.

ఇలా గీయగా గీయగా కార్యాలయంలో తెల్లకాగితం అయిపోయింది. ఉన్నవన్నీ జానెడు గీతలతో నిండి, కట్టలు కట్టుకుని, గోడ వారన నడుమెత్తు లేచాయి. కొత్త కాగితం కోసం రాశారు. అది రావడానికి ముందు, ఇంత కాగితం ఎందుకని అడుగుతూ ఒక ఉత్తరం వచ్చింది. ఆ రోజు జిల్లా కలాలన్నీ సిరాతో నిండి, మొన పైకెత్తి, గీయడానికి చోటు లేక నిలబడి ఉన్నాయి. నీలాద్రిరావుగారి కళ్ళ ముందు బస్సు వెళ్ళని ఊరు కనబడింది.

ఆ గదిలో గీతలు లేని కాగితం ఒక్కటే ఉంది. వంతెన పెన్సిలు పటం మీద తవిటినాయుడు ఎప్పుడో పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చిన ట్రేసింగు కాగితం.

"దాని మీద గీయండి," అన్నారు నీలాద్రిరావుగారు.

"కింద పటముందండీ," అన్నాడు తవిటినాయుడు.

"గీతకు ఆధారం కావలెను. ఆధారం కింద ఏమున్నదీ మన పరిధిలోనిది కాదు."

వరాలు సన్న కలం తీసుకుంది. పలచని కాగితం కిందనుంచి వంతెన నీడలా కనబడుతోంది. ఎక్కడ గీయాలని ఉత్తర్వులో లేదు. ఎంత గీయాలన్నదే ఉంది. ఆ పిల్ల ఒక్క క్షణం తవిటినాయుడి మొహం చూసింది. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ చుట్ట వెతుక్కుంటున్నాడు. వెతుకుతున్న జేబులోనే చుట్ట కనబడుతోంది.

వరాలు వంతెన గోడ మీదుగా జానెడు గీత గీసింది. తరవాతి కలంతో దాని పక్కనే ఇంకో జానెడు.

అలా వంతెన రోజూ జానెడు జానెడుగా పైకి తేలింది. సన్న కలాలతో కొలతల గీతలు, మధ్యరకం కలాలతో గోడలూ స్తంభాలూ, లావు కలాలతో చుట్టూ అంచు. జిల్లాలో ఎన్నో ఊళ్ళ కలాలు గెడ్డవలస వంతెన కోసం తలో జానెడు పనిచేశాయి. ఒకే మందం కలాలు చాలా ఉండడం వల్ల పని తొందరగా సాగింది. ఒక్క పెట్టె మాత్రమే ఉండుంటే ఆ వంతెన వరాలు మనవరాలికి గాని అందేది కాదు. మిగిలిపోయిన లావు కలాలన్నిటికీ అంచు మీదే వ్యాయామం చేయించడంతో ఆ అంచు మంచం కోడులా లావెక్కింది.

నీలాద్రిరావుగారు రోజూ కొలిచారు. ఒక్కరోజు మాత్రం చిక్కొచ్చింది. గెడ్డ నీళ్ళకు వరాలు వంకర గీత గీసింది. వంకర గీత జానెడా కాదా అన్నదానిమీద కార్యాలయం ఒక పూట ఆలోచించింది. చివరికి యర్రయ్య చేత దారం తెప్పించి, అలల వెంట పరిచి, తీసి సాగదీసి కొలిచారు. సరిగ్గా జానెడు వచ్చింది. వరాలు నీళ్ళను కూడా ఉత్తర్వు ప్రకారమే పారించింది.

కింద ఊరిపేరు రాయవలసి వచ్చినప్పుడు తవిటినాయుడు కలగజేసుకున్నాడు. అక్షరంలోని ముక్కలన్నీ కలిపి జానెడు అయితే అభ్యంతరమేమిటని ఆయన వాదన. పొట్టి గీతల సమాహారం అనే పద్దు కింద నీలాద్రిరావుగారు దాన్ని ఒప్పుకున్నారు. కాగితం మీద గెడ్డవలస అన్న పేరు కుదురుగా నిలబడింది.

మార్చి చివరివారంలో పై అధికారి భానోజీరావుగారు తనిఖీకి వచ్చారు. బంగారమ్మ ఆయనకు చల్లమజ్జిగ ఇచ్చి, రుబ్బుకోడానికి అనుమతి ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. ఆయన పరిశీలిస్తామన్నారు. కలాలన్నిటినీ ఒక్కొక్కటే ఊపి చూశారు. అన్నీ టిక్కుమన్నాయి. కాగితాల కట్టలు చూసి, ఇన్ని గీతల్లో ఒక్కటీ దేనికీ పనికిరాకుండా జాగ్రత్తపడ్డందుకు మెచ్చుకున్నారు. తరవాత ఆయన చూపు తవిటినాయుడి బల్ల మీద పడింది.

"ఇది వంతెనలా ఉందే," అన్నారు భానోజీరావుగారు.

నీలాద్రిరావుగారు దగ్గరకొచ్చి, మొదటిసారిగా, పొడుగు కాకుండా బొమ్మ చూశారు. సంరక్షణ దశలో ఉన్న కలాలను పనికి వాడినట్టు రుజువైతే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

"వంతెన కాదండి," అన్నారు. "వంతెనతో పోలిక కలిగిన సంరక్షణ గీతల సముదాయం. ప్రతిదీ జానెడే. కొలుచుకోవచ్చు."

భానోజీరావుగారు కొలిచారు. జానెడే. ఇంకోటి కొలిచారు. జానెడే. "అయితే కట్టలో పెట్టి భద్రపరచండి," అన్నారు. నీలాద్రిరావుగారు పిన్నులు తీయడానికి చెయ్యి చాచారు.

వరాలు గోడవారన నిలబడి ఉంది. కట్టలోకి వెళ్ళిన కాగితం మళ్ళీ బయటకు రావడం ఆ పిల్ల చూడలేదు. అది వంతెనేనని ఒప్పుకుంటే తవిటినాయుడి ఉద్యోగం పోతుంది, ఆ కాగితం చిరుగుతుంది. ఉత్త గీతలేనంటే కట్ట కింద నలుగుతుంది. ఎప్పట్లాగే మాట బయలుదేరింది. ఈసారి ఎదుటివాళ్ళు తర్వాతి పేరుకి వెళ్ళకముందే పెదవులు దాటింది.

"గీతలే బాబూ," అంది వరాలు. "కానీ కట్టలో పెడితే నలిగిపోతాయి. ఇంత శుభ్రంగా ఎలా గీయాలో మిగతా ఊళ్ళ ఆఫీసులవాళ్ళకి తెలీదు. మీరు సంతకం పెట్టి, నకళ్ళు తీయించి, పనుల విభాగంవాళ్ళతో సహా అన్ని ఆఫీసులకీ పంపితే, చూసి నేర్చుకుంటారు."

ఆ పిల్ల పుట్టాక అంత పొడుగు మాట ఇదే.

భానోజీరావుగారు మీసం దువ్వుకున్నారు. తన సంతకం అన్ని కార్యాలయాల గోడలకూ వేలాడడం ఆయన కళ్ళ ముందు మెదిలింది. "ఆదర్శ గీతలు," అన్నారు. బల్ల మీదికి వంగి, ఆమోదించడమైనది అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. సంతకానికి ఆయన తన సొంత కలం వాడారు. అది కాస్త కారింది.

నకళ్ళు వెళ్ళాయి. కట్టడాలు కట్టించే పనుల విభాగంవాళ్ళకు అందిన కాగితంలో వంతెన ఉంది, ఊరిపేరు ఉంది, కొలతలున్నాయి, పై అధికారి ఆమోదమూ ముద్రా ఉన్నాయి. అది సంరక్షణ గీతల సముదాయమని వాళ్ళకెవరూ చెప్పలేదు. ఇటుకలు దింపారు, కట్టడం మొదలుపెట్టారు. మిగతా కార్యాలయాలవాళ్ళు కూడా మనుషులే గనక, ఆమోదించిన పటం వస్తే ఊరుకోలేకపోయారు. ఇంకో రెండుచోట్ల కూడా గెడ్డవలస వంతెనలే లేచాయి. అందులో ఒకటి మెట్టపొలంలో లేచింది. దాని కింద పారించడానికి నీళ్ళు మంజూరు చేయమని పైకి రాశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ పరిశీలనలో ఉంది.

జ్యేష్ఠంలో బంగారమ్మ కూతురు పెద్ద కడుపుతో, పెద్ద పెట్టెతో దిగింది. వరాలు తన గుడ్డలు మూటకట్టుకుని ఊరికి వెళ్ళింది. వానలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. వంతెన మీద సిమెంటు ఆరాకే వచ్చాయి. మొదటి పెద్దవాన కురిసిన మర్నాడు గెడ్డ మట్టిరంగు నీళ్ళతో హోరుమంటుంటే, వరాలు పుస్తకాలు గుండెకు పట్టుకుని, వంతెన మీదుగా, కాలికి తడి తగలకుండా ఇవతలి ఒడ్డుకు వచ్చింది. మధ్యలో ఒక్కచోట ఆగి కిందికి చూసింది. నీళ్ళు దారం పెట్టి కొలవడానికి వీల్లేనట్టు పోతున్నాయి.

కాలేజీకి ఇంకా వేళ ఉంది. అత్త ఇల్లు దారిలోనే. పెరటివైపు వెళితే ఉలవచారు వాసన వస్తోంది, కొత్తగా పుట్టిన బిడ్డ ఏడుస్తోంది, ఆ ఏడుపు మానిపించమని వీధిగదిలోంచి వచ్చిన కబురుకి బంగారమ్మ జవాబు చెబుతోంది. ఆ జవాబులో యర్రయ్య ముత్తాత దాకా అందరూ వచ్చారు. వరాలు నవ్వుకుని, వీధివైపు నడిచింది. ఎవరో ఒకరికి చెప్పాలనిపించింది. వెళ్ళి వీధిగది తలుపు తట్టింది.

నీలాద్రిరావుగారే తలుపు తీశారు. చేతిలో ఒక కలం ఉంది, చెవికి ఆనించుకుని.

"బాబూ," అంది వరాలు. "వంతెన మీదనుంచి వచ్చాను. గెడ్డ నిండా పొంగింది, అయినా వచ్చేశాను. మీకు చెబుదామని."

"ఏ వంతెన?"

"ఇక్కడ గీసిందే గదండీ."

నీలాద్రిరావుగారు కలాన్ని చెవి దగ్గర్నుంచి దించారు. ఆయనకు కోపం రాలేదు. చిన్నపిల్ల తప్పుమాట అంటే పెద్దవాళ్ళు దిద్దినట్టుగా దిద్దారు.

"ఈ కార్యాలయం ఏనాడూ ఏ వంతెననూ గీయలేదమ్మా. ఇక్కడి ఒక్క కలమూ నేటివరకూ పనికి వాడబడలేదు," అన్నారు. గాలి తగులుతోందని కలం మొనకు అరచెయ్యి అడ్డుపెట్టుకుని, రెండో చేత్తో, లోపలి కలాలు అదరకుండా, మెల్లగా వరాలు మొహం మీదే తలుపు వేసుకున్నారు.